నాలుగు లెన్సుల అదృశ్య సెటప్: వెనక గళ్లు కలవడం లేదు

గళ్లకాగితం:
రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చూపించిన, లెన్సుల మధ్య పెట్టిన వస్తువుని కనబడకుండా చేసే నాలుగు లెన్సుల పద్ధతిని బల్ల మీద అమర్చాను. అన్నీ 50 మి.మీ. వ్యాసం ఉన్న అక్రోమాట్లే (రంగులు విడిపోకుండా రెండు గాజులు అతికించిన లెన్సులు). బయటి రెండింటి నాభ్యంతరం 200 మి.మీ., లోపలి రెండింటిది 75. మధ్య దూరాలు వరసగా 275, 300, 275. బొమ్మ నిటారుగా, స్పష్టంగానే ఉంది. కానీ వెనకున్న గళ్లు లెన్సుల్లోంచి కాస్త పెద్దగా కనిపిస్తున్నాయి. తల పక్కకి జరిపితే లోపలి గీతలు బయటి గీతల నుంచి విడిపోతున్నాయి. ఏది సర్దాలి? ఇదే పెద్దగా కడితే మనిషిని దాచొచ్చా?

అక్షరేఖ:
275ల జోలికి పోకండి, 200+75 సరిపోయింది. తేడా అంతా నడిమి ఖాళీలో ఉంది. అది 2×75×275÷(200−75), అంటే 330 మి.మీ. ఉండాలి. అక్కడ తప్పిన ప్రతి మిల్లీమీటరుకీ వెనక దృశ్యం దాదాపు 6 మి.మీ. జరుగుతుంది. మీకు 30 తగ్గింది కాబట్టి కాగితం సుమారు 18 సెం.మీ. దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. బొమ్మ మసకబారదు, అందుకే ఈ తప్పు తొందరగా పట్టుబడదు.

అక్రోమాట్లు మందంగా ఉంటాయి కనుక స్కేలు కొలతని పూర్తిగా నమ్మొద్దు. వెనక జత లెన్సుల్ని ఒకే పట్టీకి బిగించి, రెండూ కలిపి జరపండి. తల కదిపినా గీతలు విడిపోని చోట ఆపండి. ప్రతి జతలోనూ చదునైన వైపులు ఎదురెదురుగా ఉండాలి.

గళ్లకాగితం:
గీతలు కలిశాయండీ, థాంక్స్. కానీ మధ్యలో వేలు పెడితే కనిపిస్తూనే ఉంది!

అక్షరేఖ:
అక్షం (లెన్సుల నడిమధ్యగా పోయే గీత) మీద పెడితే కనిపించక మానదు. ముందు లెన్సుకి 200 మి.మీ. వెనక కిరణాలు ముడుచుకుంటాయి. 2 డిగ్రీల పక్కనుంచి వచ్చేవి అక్కడ అక్షానికి 7 మి.మీ. దూరంలో కలుస్తాయి. అంటే సెంటీమీటరు అవతల, చుట్టూ వలయంలా ఉన్న చోటే దాగేది. వేలు పక్కనుంచి పెట్టి, కొన అక్షాన్ని తాకకుండా చూడండి. మనిషిని దాచాలంటే ఆ వలయంలో మనిషి పట్టాలి, లెన్సు అంతకన్నా పెద్దది కావాలి. అంతా చేశాక పక్కన నిలబడ్డవాడికి మనిషీ కనిపిస్తాడు, లెన్సులూ కనిపిస్తాయి.

తరంగం:
అన్ని వైపుల నుంచీ దాచే సిద్ధాంతం వేరు, అందులో వస్తువు చుట్టూ ఉన్న తొడుగు కిరణాల్ని చుట్టు తిప్పి అవతలికి పంపుతుంది. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 25 మి.మీ. వ్యాసార్ధం ఉన్న రాగి స్తూపాన్ని 8.5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లకి, అదీ ఒక తలంలోనే, పాక్షికంగా దాచారు. అక్కడ తరంగదైర్ఘ్యం 35 మి.మీ., తొడుగులోని ఒక్కో రాగి రింగు గడి 3 మి.మీ. చిల్లర. ఆకుపచ్చ కాంతికి ఇదే నిష్పత్తిలో గడి 50 నానోమీటర్లకి దిగాలి. చెక్కడం ఒక బాధ, లోహం ఆ కాంతిని మింగేయడం అంతకన్నా పెద్ద బాధ.

అసలు అడ్డు ఇంకోటి. చుట్టు తిరిగిన కాంతి, తిన్నగా వెళ్లినదానితో సమానంగా అవతలికి చేరాలి. ఒకే పౌనఃపున్యంలో దశావేగం (అల శిఖరాలు సాగే వేగం) కాంతి వేగాన్ని దాటొచ్చు గానీ, సంకేతం దాటలేదు. అందుకే పనిచేసే పౌనఃపున్యాల పట్టీ సన్నగా ఉంటుంది, వస్తువు పెద్దదయ్యేకొద్దీ ఇంకా సన్నబడుతుంది. ఎరుపులో దాగింది నీలంలో దొరికిపోతుంది. పైగా లోపలికి కాంతి రాదు కాబట్టి, దాక్కున్నవాడికి బయటేమీ కనబడదు.

పలక:
మామూలు కాంతిలో కంటికి ఆనే వస్తువు దాగిన ప్రయోగాలూ ఉన్నాయి, 2011 నాటివి, పారదర్శక స్ఫటికమైన కాల్సైట్‌వి. రెండు ముక్కలు అతికించి, అద్దం మీద మిల్లీమీటర్ల ఎత్తున్న వస్తువుపై బోర్లిస్తే అద్దం చదునుగా ఉన్నట్టే ప్రతిఫలిస్తుంది. కాల్సైట్ వక్రీభవన గుణకం ఒక ధ్రువణానికి (కాంతి కంపించే దిశకి) 1.658, రెండోదానికి 1.486. దాచేది ఒక్క ధ్రువణానికే. ఒక్క ధ్రువణాన్నే పోనిచ్చే పోలరాయిడ్ ముక్కని 90 డిగ్రీలు తిప్పి చూస్తే గుట్టు బయటపడుతుంది.