15,000 రూపాయల్లో హెడ్‌ఫోను, యాంప్లిఫయర్: రాత్రిపూట ఫ్యాను కింద వినడానికి

రాత్రి_శ్రోత
విజయవాడలో రెండు గదుల ఇల్లు మాది. నేను పాటలు వినేది రాత్రి పది దాటాక, అదీ పడకగదిలోనే. పక్కనే పాప నిద్రపోతుంది, పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. వినేది కర్ణాటక సంగీతం, ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు. ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోను జాక్ ఉంది, ఫోనుకు లేదు. హెడ్‌ఫోనుకు 8,000, యాంప్‌కు 7,000 అని లెక్క వేసుకున్నాను. ఈ పంపకం సరైనదేనా? ఇంకొక సంగతి. నాకు కళ్లజోడు ఉంది. ఏ హెడ్‌ఫోను పెట్టుకున్నా గంటకల్లా కాడలు కణతల్లోకి నొక్కుకుని నొప్పి పుడుతుంది. దీనికేదైనా ఉపాయం చెప్పండి.

ధ్వనిపెట్టె
రికార్డింగ్ స్టూడియోలో 25 ఏళ్లు పనిచేసినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొనండి. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ దాని మీద గొంతు పలికినంత సహజంగా మరో దాంట్లో వినలేదు. డబ్బు చాలకపోతే ఆరు నెలలు ఆగండి. అయితే అది 300 ఓంల హెడ్‌ఫోను, అంటే కరెంటును అంతగా అడ్డుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలిస్తే నోరు మెదపదు. గోడ కరెంటుతో నడిచే మంచి యాంప్ తప్పనిసరి. ఫోను చార్జింగ్ రంధ్రానికి తగిలించి హెడ్‌ఫోను జాక్‌గా వాడే చిన్న డాంగుళ్లతో సంగీతం వినాలనుకునేవారికి నేను చెప్పగలిగిందేమీ లేదు.

కోఠి_గల్లీ
ఏది కొన్నా అధీకృత అమ్మకందారు దగ్గరే కొనండి. పేరున్న మోడల్ మార్కెట్ ధరలో సగానికే వస్తోందని ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని దుకాణంలో తీసుకున్నాను. పెట్టె అచ్చు అసలుదే. రెండో నెలలో కుడి చెవి మూగబోయింది. సర్వీసు కేంద్రానికి పట్టుకెళితే సీరియల్ నంబరు చూసి, ఇది మా వస్తువు కాదు అని చేతిలో పెట్టారు. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. చివరికి గుజరాతీ గల్లీలో తిరిగి జాక్ కొని నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. లోపల వైరు తల వెంట్రుకంత సన్నగా ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మీటర్_చేతిలో
ధ్వనిపెట్టె గారూ, 300 ఓంలు అనగానే పెద్ద యాంప్ అనడం సగం మాటే. ఓంలతో పాటు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు ఎంత బిగ్గరగా పలుకుతుందన్నది కూడా చూడాలి. హెచ్‌డీ 650 కూడా 300 ఓంలదే. ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ పలుకుతుందని కంపెనీ లెక్క. అంటే దాదాపు 3.3 మిల్లీవాట్లతోనే అంత శబ్దం. 110కి చేరాలంటే 2.2 వోల్టులు చాలు, కరెంటు 7.5 మిల్లీయాంపియర్లే. ఇక హైఫైమ్యాన్ హెచ్‌ఈ 400ఎస్‌ఈ చూడండి. 25 ఓంలే కదా, ఫోనే నడిపేస్తుందనుకుంటారు. దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 91. అదే 110కి దానికి 80 మిల్లీవాట్లు, సుమారు 57 మిల్లీయాంపియర్లు కావాలి. ఒకదానికి వోల్టేజీ కావాలి, మరొకదానికి కరెంటు కావాలి. ఇది విడమరచకుండా కొత్తవాళ్లను యాంప్ దుకాణానికి తోలకండి.

ధ్వనిపెట్టె
లెక్కలు బాగున్నాయి. సంగీతాన్ని లెక్కల్లో వినరు. నేను రెండు రకాలుగానూ విన్నాను. మంచి యాంప్‌కు తగిలించగానే మృదంగం తొప్పి (ఎడమ వైపు) దెబ్బకు నిండుదనం వస్తుంది. మీరు వినకుండా మాట్లాడుతున్నారు.

మీటర్_చేతిలో
విన్నాను, పద్ధతిగా విన్నాను. ఒకే స్వరాన్ని రెండు యాంప్‌లలోనూ వినిపించి, హెడ్‌ఫోను తీగల మీద మల్టీమీటర్ పెట్టి, వోల్టేజీ రెండింటిలో సమానం చేశాను. ఆ తరువాత ఏది ఏదో తెలియకుండా మా తమ్ముడు మార్చి మార్చి పెట్టాడు. తేడా పట్టుకోలేకపోయాను. ఒక యాంప్ కొద్దిగా బిగ్గరగా ఉన్నా మనసుకు అదే మేలైనదిగా తోస్తుంది. మీరు రెండు యాంప్‌లనూ సమానం చేసి విన్నారా? అవునో కాదో చెప్పండి.

ధ్వనిపెట్టె
నన్ను పరీక్ష రాయమంటున్నారా? ఇన్నేళ్లు గాయకులు నా చెవి మీద నమ్మకంతో పాడారు.

వీణతీగ
మీ ఇద్దరూ ఓంల దగ్గరే ఆగిపోయారు. ఆయన అడిగింది ఫ్యాను కింద, నిద్రపోతున్న బిడ్డ పక్కన వినడం గురించి. హెచ్‌డీ 600 ఓపెన్ బ్యాక్, అంటే చెవి కప్పుల వెనక వైపు తెరిచి ఉండే రకం. ఫ్యాను మోత లోపలికి వస్తుంది, పాట బయటకు పోతుంది. నేను చిట్టిబాబు గారి వీణ వినడానికి ఓపెన్ బ్యాక్ తెచ్చుకున్నాను. తెల్లవారుజామున ఫ్యాను ఆపితే గమకం మీటిన వేలు కదలిక కూడా తెలిసింది. ఏప్రిల్ వచ్చింది, ఫ్యాను ఆపలేను. తంబూర శ్రుతి ఫ్యాను మోతలో కలిసిపోయింది. శ్రుతి కోసం శబ్దం పెంచుతూ పోయాను, మా అత్తగారు పక్క గది నుంచి వచ్చి ఏ రాగమని అడిగారు. తరువాత వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్‌కు మారాను, ఆడియో టెక్నికా ఎం40ఎక్స్. విజయవాడ వేసవిలో చెవులకు చెమట పడుతుంది, అది నిజం. గుడ్డ కుషన్లు మార్చి చూశాను. చెమట తగ్గింది, గాలి దూరి బేస్ కూడా తగ్గింది. మళ్లీ పాతవే వేసుకున్నాను.

నిశ్శబ్దం
వీణతీగ గారు "శబ్దం పెంచుతూ పోయాను" అన్నచోట నా గుండె ఆగింది. నేను ఆరేళ్లు అలాగే చేశాను. బస్సులో, ఇంట్లో, ఫ్యాను మీద, మిక్సీ మీద. ఇప్పుడు ఎడమ చెవిలో ఒక సన్నని కూత పగలూ రాత్రీ ఆగదు. డాక్టరు గారు పోయిన వినికిడి తిరిగి రాదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతున్న హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. పనిస్థలాలకు అమెరికా సంస్థ పెట్టిన లెక్కలో 85 దగ్గర రోజుకు ఎనిమిది గంటలు, 88 దగ్గర నాలుగే. మూడు డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి పడుతుంది. పైన 110, 103 అని మీరు దెబ్బలాడుతున్నారు. అవి వినవలసిన స్థాయిలు కావని ఎవరైనా ఒక్క మాట అనండి.

మీటర్_చేతిలో
క్షమించండి, అది నా తప్పు. 110 అనేది తాళం పడిన క్షణంలో తన్నే శిఖరానికి యాంప్ అందుకోగలదా అని చూసుకునే లెక్క. గంటల తరబడి వినే స్థాయి కాదు.

పాతరేడియో
ఘంటసాల కాలం పాటల గురించి ఎవరూ చెప్పలేదు. వాటిలో చాలా వరకు మోనో. రెండు చెవుల్లోనూ ఒకటే ధ్వని రావడంతో హెడ్‌ఫోనులో పాట తల మధ్యలో నిలబడుతుంది. అది హెడ్‌ఫోను లోపం కాదు. తరువాత ఎవరో ప్రతిధ్వని కలిపి స్టీరియో అని అమ్మిన కాపీలు వినకండి, గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. ట్రెబుల్ ఎక్కువున్న హెడ్‌ఫోను తీసుకుంటే పాత రికార్డు గీతలు, చిటపటలు పాట కంటే ముందు వినిపిస్తాయి. మా నాన్నగారి పాత స్టీరియో రిసీవర్‌కు హెడ్‌ఫోను తగిలిస్తే బేస్ ఉబ్బిపోయింది. అలాంటి సెట్లలో చాలాచోట్ల స్పీకర్ల సరఫరానే వందల ఓంల రెసిస్టర్ల గుండా హెడ్‌ఫోనుకు ఇస్తారు. సరఫరా వైపు ఓంలు హెడ్‌ఫోను ఓంలలో ఎనిమిదో వంతు లోపు ఉండాలంటారు.
ఇంకో ప్రమాదం. ల్యాప్‌టాప్ చార్జర్ తగిలించగానే జుయ్యిమని మోత వస్తే, మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని నాకు ఒకాయన సలహా ఇచ్చాడు. ఎప్పటికీ అలా చేయకండి. ఇది 230 వోల్టుల ఇల్లు. చార్జర్ తీసి బ్యాటరీ మీద వినండి, మోత పోతుంది.

కోఠి_గల్లీ
ఎర్త్ పిన్ను విరిచిన ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమనేది. మా మేనత్త ఇంట్లో చూశాను. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించండి ముందు.

ధ్వనిపెట్టె
పాతరేడియో గారు చెప్పింది ముమ్మాటికీ సరి. మీటర్ గారికి ఒక ప్రశ్న. పాత కచేరీ రికార్డింగులు చాలా తక్కువ స్థాయిలో ఉంటాయి. ఇవాళ్టి సినిమా పాట కంటే పదిహేను డెసిబెల్స్ కింద ఉన్నవి కూడా నా దగ్గర ఉన్నాయి. వాల్యూం చివరికి తిప్పినా చాలదు. అప్పుడు మీ లెక్క ఏమంటుంది?

మీటర్_చేతిలో
అప్పుడు మీరే సరి. రికార్డింగ్ నెమ్మదిగా ఉంటే ఒక వోల్టు చాలదు, ముఖ్యంగా 300 ఓంల వాటికి. యాంప్ పని అదే, ఇంకాస్త వోల్టేజీ. తొప్పికి నిండుదనం తెస్తుందన్న మాటను మాత్రం ఒప్పుకోను.

ధ్వనిపెట్టె
ఒప్పుకోకండి. నేను విన్నది విన్నాను.

రాత్రి_శ్రోత
అందరికీ కృతజ్ఞతలు. 7,000 యాంప్‌కు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. కళ్లజోడు మాట ఎవరూ ఎత్తలేదు.

మీటర్_చేతిలో
ఎం40ఎక్స్ తీసుకుంటే వద్దు. 35 ఓంలు, మిల్లీవాట్‌కు 98. 110కి ముప్పావు వోల్టు చాలు. ల్యాప్‌టాప్ జాక్ ఇస్తుంది. ఫోనుకు డాంగుల్ కొనండి. యాపిల్ డాంగుల్ ఒక వోల్టు దాకా ఇస్తుంది, ఐరోపాలో అమ్మేది అందులో సగమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నిటికి దాన్ని పెడితే శబ్దం బాగా పడిపోతుంది, కొనేముందు మీ ఫోనుతోనే వినండి. మిగిలిన డబ్బుతో కుషన్లు ఒక జత దాచుకోండి, రెండేళ్లకు పైతోలు రాలిపోతుంది.

ధ్వనిపెట్టె
మిగిలిన డబ్బు దాచుకుని తరువాత హెచ్‌డీ 600 కొనండి. పాప పెద్దదయ్యాక వేరే గది వస్తుంది.

వీణతీగ
కళ్లజోడుకు నేను చేసింది చెబుతాను. ఎం40ఎక్స్ కొత్తలో గట్టిగా పట్టేస్తుంది. తలపట్టీని చేత్తో వంచకండి. నిఘంటువులు రెండు మీ తల వెడల్పుకు పేర్చి, రాత్రంతా వాటికి తొడిగి ఉంచండి. నాకు నాలుగు రాత్రులు పట్టింది. కాడలు సన్నని తీగలా ఉన్న జోడు ఒకటి వినేటప్పటికని వేరుగా ఉంచుకున్నాను. మందపాటి ప్లాస్టిక్ కాడ కుషన్‌ను పైకెత్తి నొప్పి పెట్టడమే కాదు, ఆ సందులోంచి బేస్ కూడా పోతుంది.

నిశ్శబ్దం
తలకు పెట్టుకునే ముందు వాల్యూం సున్నా చేసి, అక్కడి నుంచి నెమ్మదిగా పెంచండి. దయచేసి.

రాత్రి_శ్రోత
శనివారం ఎం40ఎక్స్ తెచ్చాను. ల్యాప్‌టాప్‌లో వాల్యూం సగం దాటలేదు. ఫ్యాను వినిపిస్తోంది, కానీ దూరంగా. పాప లేవలేదు. హెడ్‌ఫోను ఇప్పుడు నిఘంటువుల మీద ఉంది.