క్విల్ట్ అతుకులు చదునుగా రావాలంటే చెక్క దిమ్మ నిజంగా పనికొస్తుందా?

మారతహళ్ళి మాధవి
కలంకారీ ముక్కలూ పాప్లినూ కలిపి సింగిల్ మంచానికి క్విల్ట్ (ముక్కలతుకుల దుప్పటి) మొదలుపెట్టాను. ఎనిమిది కోణాల నక్షత్రం డిజైన్. కొనలన్నీ కలిసే నడిమధ్యన బుడిపె లేస్తోంది. ఎంత ఇస్త్రీ చేసినా కాసేపటికి మళ్ళీ లేచి కూర్చుంటోంది. ఆన్‌లైన్‌లో, ఇస్త్రీ చేసిన కుట్టుని అదమడానికి క్లాపర్ అని ఒక చెక్క దిమ్మ అమ్ముతున్నారు, ఆ డబ్బుకి మంచి నేత చీరే వస్తుంది. ఎవరైనా వాడారా? లేక అంతా ఆర్భాటమేనా?

కోటు టైలర్‌గారి కోడలు
పనిచేస్తుందండీ. మా మామగారు శివాజీనగర్‌లో కోట్లు కుట్టేవారు. కాలరు కొనలూ జేబు మూతల అంచులూ పదునుగా రావాలంటే ఆవిరి పట్టించి చెక్కతో అదమాల్సిందే. ఉన్నిబట్టకైతే దబదబా కొట్టేవారు కూడా. మన కాటన్‌కి కొట్టనక్కర్లేదు, అదిమిపెడితే చాలు.

వేడీ తడీ తగిలితే నూలు మెత్తబడుతుంది. చల్లారేటప్పుడు ఎలా ఉంటే అలాగే బిగుసుకుంటుంది. మనమేమో ఇస్త్రీ పెట్టె తియ్యగానే ముక్క చేతిలోకి తీసుకుంటాం. కుట్టు ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి మళ్ళీ లేస్తుంది. పాలిష్ పెట్టని చెక్క ఆవిరిని పీల్చుకుంటుంది, వేడిని ఒక్కసారిగా పోనివ్వదు, దాని బరువు కింద కుట్టు నిదానంగా ఆరుతుంది. కిటుకంతా అంతే.

ముందు రెండు ముక్కలూ విప్పకుండా కుట్టు మీదే ఒకసారి ఇస్త్రీ పెట్టండి, దారం బట్టలో కూర్చుంటుంది. తర్వాత విప్పి, గోటితో గీటి, పెట్టెని పైనుంచి దించి ఎత్తండి. అటూ ఇటూ తోయకండి. నక్షత్రానికి ముక్కలు ఏటవాలుగా కోస్తారు కదా, తోస్తే ఆ అంచులు సాగిపోతాయి. పెట్టె తీసీ తియ్యకముందే దిమ్మ పెట్టండి. 10, 15 సెకన్లు. ముట్టుకుంటే చల్లగా తగలాలి.

శిరీష_వైట్‌ఫీల్డ్
అక్కా, చెక్కే ఎందుకు? వంటింటి గట్టు వేసినప్పుడు సింకు కోసం కోసిన గ్రానైట్ ముక్క మిగిలింది. మంచి బరువు.

కోటు టైలర్‌గారి కోడలు
రాయి వేడిని గబుక్కున లాగేస్తుందమ్మా, తడిని మాత్రం పీల్చదు. ఆవిరి నీరై బట్టలోనే ఉండిపోతుంది. పొడి ఇస్త్రీ అయితే పర్వాలేదు.

రమణి, బీటీఎం
ఆన్‌లైన్ ధర చూసి నేను వడ్రంగి దగ్గరికే వెళ్ళాను. మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు తిరిగితే బీచ్‌వుడ్ తునకలు దొరుకుతాయి. పది అంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు, రెండు మందం చెప్పాను. పక్కల్లో వేళ్ళు పట్టేలా గాడి తీయించాను, అది లేకపోతే గంటసేపు పనిచేసేసరికి మణికట్టు లాగుతుంది. అంచులు గుండ్రంగా సాండ్‌పేపర్ పట్టించాలి. వడ్రంగికి మాత్రం గట్టిగా చెప్పండి, వార్నిష్, పాలిష్, నూనె ఏదీ వద్దని. మాకు చేసినాయన అలవాటు కొద్దీ పాలిష్ డబ్బా తీశాడు, పక్కనే నిలబడి ఆపాను. టేకు వద్దు, దాన్లో సహజంగానే నూనె ఉంటుంది. పైన్‌లో జిగురు ఉంటుంది, వేడికి బయటికొచ్చి బట్టకి అంటుతుంది.

శిరీష_వైట్‌ఫీల్డ్
చన్నపట్నలో చేయిస్తే? బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే కదా, బొమ్మలు చేసేవాళ్ళకి చెక్క గురించి చెప్పాలా!

గాజువాక గౌరి
మా వైపు ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్రా, చన్నపట్నలో ఆలె మర అనేదీ ఒకటే చెట్టు. నున్నగా తిరుగుతుంది, కానీ తేలిక. అదిమే దిమ్మకి బరువే ప్రాణం, కాబట్టి దానికి సరిపోదు. కుట్టు మీద దొర్లించి నొక్కే చిన్న రోలర్‌కి మాత్రం బ్రహ్మాండం. లక్క పూయకుండా ఇమ్మనండి. లక్క 80 డిగ్రీల లోపే కరుగుతుంది, కాటన్ మీద పెట్టె వేడి 200 దాకా పోతుంది. తెల్ల బట్ట మీద ఎర్ర లక్క ఊహించుకోండి.

రోలర్ సంగతి వచ్చింది కాబట్టి: డిజైన్ గీసిన కాగితం మీద ముక్కలు పెట్టి కుట్టే పద్ధతిలో ప్రతి కుట్టుకీ లేచి ఇస్త్రీ బల్ల దాకా వెళ్ళలేం. అక్కడ రోలరే దిక్కు. గోడ కాగితాల అతుకులు నొక్కే రోలర్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, అది చాలు. చివర్లో ఒక్కసారి ఇస్త్రీ, దిమ్మ.

బొంతల పద్మజ
మా అమ్మమ్మ పాత చీరలు నాలుగు పొరలు పరిచి బొంత కుట్టేది, ఏ దిమ్మా లేదు. చేత్తో కుట్టేదానికి ఇదంతా ఎందుకో నాకు అర్థం కాదు.

రమణి, బీటీఎం
పద్మజగారూ, చీరలు పొరలుగా వేసి కుడితే మధ్యలో అతుకులే ఉండవు కదా. ఇక్కడ ఎనిమిది ముక్కల కొనలూ, వాటి పావంగుళం అంచులూ ఒకే చుక్క దగ్గరికొస్తున్నాయి. బొంతకి రాని చిక్కు ఇది.

బొంతల పద్మజ
అవునా, అయితే సరే. ఫోటో పెట్టు మాధవీ, ఆ బుడిపె చూద్దాం.

మారతహళ్ళి మాధవి
రాత్రికి పెడతానండీ. ఇంకో అనుమానం. కుట్టు వెనక మిగిలే అంచులు ఒక వైపుకే పడుకోబెట్టాలా, రెండు వైపులా విప్పాలా? మా ఐరన్ ఆవిరితో పాటు తెల్లటి పొడి కూడా కక్కుతోంది, అది వేరే గోల.

కోటు టైలర్‌గారి కోడలు
పొడి బోరునీళ్ళ వల్ల. స్టీమ్ కట్టేసి, తాగే నీళ్ళు స్ప్రే బాటిల్‌లో పోసి కుట్టు మీద సన్నగా చిలకరించండి. మామూలు అతుకులైతే ఒక వైపుకే. పక్క వరుసవి ఎదురు దిక్కుకి పడుకోబెడితే ఒకదాంట్లో ఒకటి ఇమిడి మూలలు సరిగ్గా కలుస్తాయి. నక్షత్రం నడుమ మాత్రం విప్పండి, మందం రెండు వైపులకీ పంచుకుంటుంది. అయితే విప్పిన కుట్టు గాడిలోనే మళ్ళీ క్విల్టింగ్ కుట్టు (పొరలన్నీ కలిపే కుట్టు) వెయ్యొద్దు. అక్కడ దారం తప్ప బట్ట ఉండదు, పక్కకి జరిపి వెయ్యండి.

మారతహళ్ళి మాధవి
మా ఇంట్లో పాత చెక్క ముక్క ఒకటి దొరికింది. పాలిష్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రమణి, బీటీఎం
ఒక చుక్క నీళ్ళు వెయ్యండి. ఇంకిపోతే వాడుకోవచ్చు. ముత్యంలా నిలిస్తే పూత ఉన్నట్టే, చెక్క కనపడేదాకా సాండ్‌పేపర్‌తో రుద్దించండి.