నీటికి పోని సన్‌స్క్రీన్‌లోని కోపాలిమర్ వల్లనే కనురెప్పలు పొట్టు రేగుతున్నాయా?

చెరువుగట్టు, ఇందుకూరుపేట మండలం:

అందరికీ నమస్కారం. నేను రొయ్యల చెరువుల దగ్గర నీటి పరీక్షలు చేస్తుంటాను. ఉదయం ఏడు గంటలకు గట్టెక్కితే, చెక్ ట్రేలు పైకి లేపి మేత ఎంత మిగిలిందో చూడడం, సీసాల్లో నీళ్లు పట్టడం, ఇలా పదకొండు దాటేదాకా ఎండలోనే ఉంటాను. ఉప్పు గాలికీ చెమటకీ మామూలు సన్‌స్క్రీన్ అరగంట కూడా నిలవడం లేదని, రెండు నెలల కిందట నీటికి పోదని రాసి ఉన్న ట్యూబు ఒకటి కొన్నాను. నిజంగానే పోలేదు. సాయంత్రం ముఖం కడిగినా నీళ్లు తామరాకు మీద జారినట్టు జారిపోతున్నాయి.

అయితే మూడో వారం నుంచి రెండు కనురెప్పలూ ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రేగుతున్నాయి. బుగ్గలకూ నుదుటికీ ఏమీ కాలేదు. ట్యూబు వెనక చదివితే, నా పాత సన్‌స్క్రీన్‌లో లేని పేరు ఒకటి కనిపించింది: వీపీ/హెక్సాడెసీన్ కోపాలిమర్. అది ప్లాస్టిక్ అనీ, చర్మం గుండా రక్తంలోకి పోతుందనీ మా ఆడబిడ్డ గట్టిగా చెబుతోంది. ఆ మాటలో నిజమెంత? నా కళ్ల బాధకు కారణం అదేనా?

రసాయన మాష్టారు, ఒంగోలు:

అమ్మా, మీ ఆడబిడ్డగారి మాటలో సగం నిజం ఉంది. ప్లాస్టిక్ లాగే అది కూడా మనిషి తయారు చేసిన పాలిమర్, అంటే చిన్న అణువులు గొలుసుగా అల్లుకున్న పెద్ద అణువు. కానీ రెండూ పాలిమర్లే కాబట్టి రెండూ ఒకటే అనడం, బియ్యపు గంజీ కొయ్యా ఒకటే అనడం లాంటిది; అవీ పాలిమర్లతో అయినవే.

వీపీ అంటే వినైల్ పైరోలిడోన్. ఆ చిన్న అణువులను గొలుసుగా అల్లితే పీవీపీ వస్తుంది. 1930ల చివర్లో జర్మనీలోని రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్‌లో వాల్టర్ రెప్పే దీన్ని తయారు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తం పోయిన సైనికులకు ప్లాస్మాకు బదులుగా దీన్ని ఎక్కించారు. మనం దెబ్బలకు పూసుకునే పోవిడోన్ అయోడిన్ పేరులోని పోవిడోన్ ఇదే. మాత్రలు పొడి రాలకుండా పట్టి ఉంచడానికీ దీన్ని వాడతారు. 1950లలో హెయిర్ స్ప్రేల్లో లక్కకు బదులుగా ఇదే వచ్చింది.

తుమ్మబంక నీళ్లు కాగితం మీద ఆరినప్పుడు పలచటి మెరుపు పొర మిగలడం చూసే ఉంటారు. పీవీపీ కూడా అలాగే పొర కడుతుంది, కానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. అందుకని దానికి 16 కార్బన్ల హెక్సాడెసీన్‌ను తోకల్లా జోడించి నూనె స్వభావం తెప్పించారు. మీ ముఖం మీద నీళ్లు జారిపోవడానికి కారణం ఈ తోకలే. ఎండను ఆపే పదార్థాలు చెమటతో కొట్టుకుపోకుండా ఈ పొర పట్టి ఉంచుతుంది.

ఇక రక్తం సంగతి. సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) కంటే పెద్ద అణువులు ఆరోగ్యమైన చర్మపు పై పొరను దాటడం కష్టమని చర్మ పరిశోధకులు వాడే కొలత ఒకటి ఉంది. ఈ గొలుసుల బరువు వేలల్లో ఉంటుంది. కాబట్టి దీన్ని అనుమానించడం మాని, ఇంకేదైనా కారణం వెతకండి.

మాత్రలచీటీ, నెల్లూరు:

నేను చర్మ వైద్యుల దగ్గర ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మాష్టారి లెక్క రక్తం విషయంలో సరిపోతుంది కానీ అలర్జీ విషయంలో సరిపోదు. వీపీ/హెక్సాడెసీన్‌కూ, దాని అన్నలాంటి వీపీ/ఐకోసీన్‌కూ కాంటాక్ట్ అలర్జీ (చర్మానికి తగిలితే వచ్చేది) వచ్చిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో 1990ల నుంచి ఉన్నాయి. అవి చాలా అరుదు. అయినా పెద్ద అణువు కాబట్టి అసలు రాదని కొట్టిపారేయకూడదు. ఏ పాలిమర్‌లోనైనా గొలుసులో చేరకుండా మిగిలిన చిన్న అణువులు కొంత ఉండవచ్చు. అందుకే పాలిమర్ ఎంత పెద్దదో చూస్తే చాలదు, దాన్ని ఎంత శుభ్రంగా తయారు చేశారో కూడా చూడాలి.

రక్తంలోకి చేరేది ఏదో తెలుసుకోవాలంటే చూడవలసింది ఫిల్టర్లను, అంటే ఎండను ఆపే రసాయనాలను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనూ 2020లోనూ ప్రచురించిన పరీక్షల్లో అవోబెంజోన్, ఆక్సీబెంజోన్ వంటివి రక్తంలో కనిపించాయి. కనిపించినంత మాత్రాన హాని చేస్తాయని కాదని, సన్‌స్క్రీన్ మానవద్దని ఆ సంస్థే చెప్పింది.

మీ విషయంలో నాకు ముందుగా మూడు సందేహాలు వస్తున్నాయి. గోళ్ల రంగు వేసుకుంటారా? అందులో పొర కట్టే రెజిన్‌కు అలర్జీ ఉంటే, వేళ్లకు ఏమీ కాకుండా, చేయి తగిలిన రెప్పలకు దద్దురు వస్తుంది. ట్యూబులో సువాసన ద్రవ్యం ఉందా? అలర్జీ కేసుల్లో కోపాలిమర్ కంటే అదే ఎక్కువగా దొరుకుతుంది. ఇక మూడోది, నీటికి పోని ఆ పొరను రాత్రి ఎలా తీస్తున్నారు? రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలచనిది, రుద్దుడును అసలు ఓర్చుకోదు.

ప్రస్తుతానికి రెప్పలకు రాయడం మానేసి, ఆ ట్యూబులోదే కొద్దిగా మోచేతి లోపలి వైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు పది రోజులు రాసి చూడండి.

చెరువుగట్టు:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, రొయ్యల పట్టుబడి రోజులు. గోళ్ల రంగు నేను వేసుకోను, ఈ పనిలో అది నిలిచేదీ కాదు. సువాసన ద్రవ్యం పేరు మాత్రం ట్యూబు మీది పదార్థాల జాబితా చివర్లో ఉంది. మూడో సందేహం మాత్రం సూటిగా తగిలింది. ఆ జిడ్డు వదలక నేను రోజూ సున్నిపిండి పెట్టి, తడి తువ్వాలుతో రెప్పలతో సహా తోముతున్నాను. ఇప్పుడు దూదికి కొబ్బరినూనె అద్ది, ఒక నిమిషం ఆగి తుడిచి, తర్వాతే కడుగుతున్నాను. ఒక్క తుడుపుకే పొర వచ్చేస్తోంది. మోచేతి మీద పది రోజులైనా ఏమీ కాలేదు. ఎడమ రెప్ప పూర్తిగా నయమైంది. కుడి రెప్ప మాత్రం ఇంకా దురద పెడుతోంది. అంటే కోపాలిమర్ నిర్దోషి అని అనుకోవచ్చా?

రసాయన మాష్టారు, ఒంగోలు:

ఫార్మసిస్టుగారు సరిదిద్దినందుకు సంతోషం. నేను పరిమాణం దగ్గరే ఆగిపోయాను. నూనె చిట్కా ఎందుకు పనిచేసిందో చెబుతాను: నీటిని తోసేసే ఆ తోకలు నూనెలో హాయిగా కలిసిపోతాయి.

మాత్రలచీటీ, నెల్లూరు:

ఇప్పుడే నిర్దోషి అనవద్దు. మోచేతి చర్మం రెప్ప కంటే మందం కాబట్టి, అక్కడ ఏమీ రాకపోయినా రెప్పకు రావచ్చు. కుడి చేతితో నీళ్లు ముట్టి అదే చేత్తో కన్ను నలుపుకునే అలవాటు ఉందేమో కూడా గమనించుకోండి. ఇంకో రెండు వారాలకు తగ్గకపోతే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ పరీక్ష చేయించుకోండి. అనుమానం ఉన్న పదార్థాలు పెట్టి వీపు మీద అంటించిన పట్టీలను 48 గంటలు ఉంచి, తీసి చూసి, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు కాబట్టి చెరువు ఆరబెట్టే రోజుల్లో పెట్టుకోండి. మామూలు పరీక్ష పట్టీల్లో ఈ కోపాలిమర్ ఉండకపోవచ్చు. అందుకని మీ ట్యూబును అట్టపెట్టెతో సహా తీసుకెళ్లి, దీన్ని కూడా అంటించి చూడమని అడగండి.