ఆర్‌ఎస్ 230 కారుకి ఇంజన్ ఆయిల్ 30 గ్రేడుది పోయించాలా, 40ది పోయించాలా? బెజవాడ ఎండకి ఏది ఆగుద్ది?

బెంజిసర్కిల్ బుల్లోడు
అన్నలూ, రెండు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 తీసుకున్నా. 2018 బండి, 2.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోలు, 71 వేలు తిరిగింది. ఆయిల్ మార్చే టైమొచ్చింది. పాత ఓనరు బిల్లులన్నిట్లో 5డబ్ల్యూ-30 ఉంది, వెనక అంకె పెరిగేకొద్దీ కాగాక కూడా ఆయిల్ చిక్కగా ఉంటుందంట. తెలిసిన మెకానిక్‌ని అడిగితే "ఈ ఎండలకి 30 అంటే నీళ్లే బాబూ, 40 పోద్దాం, కాదంటే రేసు బళ్ల 10డబ్ల్యూ-60 తెప్పిస్తా" అన్నాడు. మాన్యువల్ చూస్తే "ఫోక్స్‌వ్యాగన్ 502 00" అని ఏదో రాసుంది, అర్థం కాలేదు. రోజూ పటమట నుంచి బందరు రోడ్డులో ఆఫీసుకి పది నిమిషాల ప్రయాణం. ఆదివారం తెల్లారుజామున గుంటూరు దాకా ఒక రౌండు. ఏడాదికోసారి చెన్నై ట్రాక్‌కి వెళ్లాలని ఆశ. ఏది పోయించను?

ఆటోనగర్ అసామి
40. ఇంకో మాట లేదు. 60 జోలికి మాత్రం పోకు, అది చెప్పినాయన ఎవరో నాకు చెప్పొద్దు. మా నాన్న అంబాసిడర్లకి 20డబ్ల్యూ-50 పోసేవాడు, నేను టర్బోలకి 40 పోస్తున్నా. మే నెల మధ్యాహ్నం మా షెడ్డు రేకుల కింద స్పానర్ ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది. ఆ వేడిలో 30 ఏం నిలబడుద్ది? రెండు వేళ్ల మధ్య రుద్ది చూడు, తెలిసిపోద్ది.

మాన్యువల్ మూర్తి
వేళ్ల మధ్య రుద్దితే తెలిసేదానికి ల్యాబులెందుకండీ? బుల్లోడు గారూ, బయట 45 డిగ్రీలున్నా ఇంజనులో ఆయిల్‌కి అదో లెక్కే కాదు. నూరు దాటాక అది చేసే పని వేరు. 5డబ్ల్యూ-40 తీసుకోండి, 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 80 సెంటిస్టోక్స్ పైచిలుకు. నూరు దగ్గర 14కి అటూ ఇటూ. అంటే మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టిన బండిలో కూడా స్టార్ట్ చేసేటప్పటికి ఆయిల్ చిక్కగానే ఉంటుంది. థర్మోస్టాట్, ఆయిల్ కూలర్ ఉన్నవి ఎందుకనుకున్నారు? ఎండ పేరు చెప్పి చిక్కటి ఆయిల్ అమ్మడం మన ఊళ్లో పాత అలవాటు. ఇంకో సంగతి, 5డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వెయిట్ కాదు, వింటర్, చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెప్పే అంకె.

ఆటోనగర్ అసామి
డబ్ల్యూ అంటే వెయిట్ అని నేనెక్కడన్నాను మాస్టారూ?

మాన్యువల్ మూర్తి
మీరు అనలేదు. మీ వీధిలో అందరూ అంటారు.

మిర్చియార్డు
మజ్జిగ తెచ్చుకుని కూర్చున్నా. కానీండి.

ఆటోనగర్ అసామి
సరే, వింటరే అనుకుందాం. 5డబ్ల్యూని మైనస్ 30లో పరీక్షిస్తారు. 15డబ్ల్యూని మైనస్ 20లో. మన ఊళ్లో సంక్రాంతి చలికి 15 డిగ్రీలుంటే దుప్పటి తీయం. మైనస్ 30 మనకెందుకు? 5కీ 40కీ అంత దూరం సాగదీయాలంటే ఆయిల్‌లో చిక్కదనం నిలబెట్టే పాలిమర్ ఎక్కువ కలపాలి. నాలుగు వేలు తిరిగేసరికి గేర్ల మధ్య, చెయిన్ కింద నలిగి అది తెగిపోద్ది. 40 పోసింది 30 అయ్యి కూర్చుంటది. అందుకే 15డబ్ల్యూ-40 అన్నా నాకు తప్పు లేదు.

మాన్యువల్ మూర్తి
అది మినరల్ ఆయిల్ నాటి మాట. మంచి సింథటిక్‌లో అంత పాలిమర్ అక్కర్లేదు. పైగా 15డబ్ల్యూ-40 మీద 502 00 అప్రూవల్ ఉన్న డబ్బా ఒక్కటి చూపించండి.

ఆటోనగర్ అసామి
నేను పొయ్యమన్నది 40. 15 అన్నది మాటవరసకి. ఎంతసేపూ డబ్ల్యూ పట్టుకుని వేలాడతారేంటండీ.

తెనాలి టర్బో
ఇద్దరూ ఒక్క నిమిషం. అసలు కిటుకు 502 00లోనే ఉంది, అది ఆయిల్‌కి ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇచ్చే అప్రూవల్ నంబరు, స్కోడా వాళ్లదే. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుద్దో కొలిచే లెక్కొకటి ఉంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. మామూలు 30 గ్రేడుకి ఎస్‌ఏఈ (ఆయిల్ గ్రేడులు పెట్టే సంస్థ) లెక్కలో అది 2.9 ఉంటే చాలు. 502 00 అప్రూవల్ రావాలంటే 30 అయినా, 40 అయినా 3.5 తగ్గకూడదు. కాబట్టి 30లు రెండు రకాలు. కిరాణా కొట్టు 30 వేరు, 502 00 రాసున్న 30 వేరు. బుల్లోడి బండికి డబ్బా వెనకాల ఆ నంబరు ఉంటే ముందువైపు ఏ అంకె ఉన్నా ఇంజనుకి ముప్పు లేదు. 508 00 అని రాసున్న 0డబ్ల్యూ-20 మాత్రం ఈ బండికి కాదు. అది ఆకుపచ్చగా ఉంటది, చూడగానే తెలుస్తుంది.

ఆటోనగర్ అసామి
మూర్తి గారూ, మీకు అమెరికా అంటే నమ్మకం కదా. 2025లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ వీ8 బళ్లని లక్షల్లో వెనక్కి పిలిచింది. చెక్ చేసి బాగున్న ఇంజన్లలో ఏం పొయ్యమన్నారు? అంతకుముందు 0డబ్ల్యూ-20. తర్వాత 0డబ్ల్యూ-40. 20 నుంచి ఒకేసారి 40. వాళ్లక్కూడా బెజవాడ ఎండ తగిలిందా?

మాన్యువల్ మూర్తి
లోపం క్రాంక్‌షాఫ్టు, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉందని వాళ్లే చెప్పారు. ఆయిల్ తప్పని చెప్పలేదు.

ఆటోనగర్ అసామి
లోపం క్రాంక్‌దైతే ఆయిలెందుకు మార్చారు?

మాన్యువల్ మూర్తి
దెబ్బ తగిలిన కాలికి కట్టు కడతాం. కట్టు బాగుందని రెండో కాలికీ కడతామా?

కరకట్ట కుర్రోడు
చిక్కటాయిల్ పోస్తే పికప్ తగ్గుద్దంట కదా, నిజమేనా?

మిర్చియార్డు
నీ కారేది తమ్ముడూ?

కరకట్ట కుర్రోడు
ఇంకా కొనలేదన్నా.

ఆటోనగర్ అసామి
ఫోర్డు మస్టాంగ్ జీటీకి అక్కడ 2012 నాటికి మామూలుగా పోసింది 5డబ్ల్యూ-20. అదే 5.0 కుటుంబంలో ట్రాక్ కోసం చేసిన 2012 బాస్ 302కి కంపెనీయే 5డబ్ల్యూ-50 రాసింది. కార్వెట్ సీ7 మాన్యువల్లో రోడ్డుకి 5డబ్ల్యూ-30, ట్రాక్‌కి 15డబ్ల్యూ-50. ఇంజన్ గట్టిగా తిప్పేటప్పుడు చిక్కటిదే కావాలని వాళ్లకీ తెలుసు. పల్చటిది రాసేది మైలేజీ లెక్కల కోసం. మన దేశంలోనూ 2017 నుంచి కఫే రూలుంది, అంటే కంపెనీ బళ్లన్నిటి సగటు మైలేజీకి, కార్బన్ పొగకి హద్దు, వాళ్లకి ప్రతి గ్రామూ లెక్కే.

మాన్యువల్ మూర్తి
మీరు చెప్పిన ప్రతి ఉదాహరణలోనూ కంపెనీ రాసిందే పోశారు. అంటే నా మాటే చెప్తున్నారు. మారుతి కొత్త ఇంజన్లకి 0డబ్ల్యూ-16 రాస్తోంది, దానికి తగ్గ సందులు, దానికి తగ్గ పంపు పెట్టుకుంది. ఈ ఆర్‌ఎస్‌లో ఆయిల్ పంపు రెండు మెట్ల ప్రెజర్‌తో పనిచేస్తుంది. చిక్కటిది పోస్తే మీటర్లో ప్రెజర్ పెరుగుద్ది, మీకు సంతోషం. ప్రెజర్ పెరిగితే ఫ్లో పెరిగినట్టు కాదు. ఈ తేడా షెడ్డులో ఎవరికి చెప్పినా నవ్వుతారు.

ఆటోనగర్ అసామి
మన ఊరు, మీ వీధి, ఇప్పుడు షెడ్డు. మూడోసారి. ఆయిల్ సంగతి పక్కనపెట్టి మీ బాధేంటో చెప్పండి ముందు.

మాన్యువల్ మూర్తి
చెప్తా. ఆరేళ్ల కింద నా టర్బో డీజిల్ కారు. ఏ కంపెనీ, ఏ షెడ్డు అన్నది వదిలెయ్యండి. "సార్ మీరు టీ తాగి రండి" అన్నాడు. వచ్చేసరికి ఆయిల్ పోసేశాడు, సీల్ తీసిన డబ్బాలు నాలుగు వరసగా పెట్టాడు. తొమ్మిది వేలకే టర్బో ఈల వేసింది. విప్పితే లోపల తారు. బిల్లు లక్షా నలభై వేలు. అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు. డబ్బాలు నిజమైనవే, లోపల ఉన్నది కాదు. అప్పట్నుంచి మాన్యువలే నాకు భగవద్గీత.

మిర్చియార్డు
అయ్యో మాస్టారూ.

ఆటోనగర్ అసామి
బాధపడ్డా సార్, నిజంగానే. కానీ నా మాట కూడా వినండి. మీలాంటి ఆయన నెలకి ఇద్దరు వస్తారు నా దగ్గరికి. ఆయిల్ వాళ్లే తెచ్చుకుంటారు, మంచిదే. నేను డ్రెయిన్ బోల్టు విప్పిన దగ్గర్నుంచి బిగించేదాకా ఫోన్ నా మొహం మీద పెట్టి వీడియో తీస్తారు. అదే షోరూమ్‌కి వెళ్తే ఏసీ గదిలో అద్దం వెనకాల కూర్చుని కాఫీ తాగి, కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. అక్కడ ఏం పోశారో ఎవరు చూశారు? వీడియో తీశారా ఒక్కడైనా? ఎవడో ఒకడు మోసం చేశాడని మూడు తరాలుగా గ్రీజులో బతికేవాళ్లందరికీ డబ్ల్యూ అంటే ఏంటో తెలియదంటారు.

మాన్యువల్ మూర్తి
వీడియో అనుమానంతో తియ్యం, రికార్డు కోసం.

మాన్యువల్ మూర్తి
లేదు. అనుమానంతోనే.

ఆటోనగర్ అసామి
ఆ ఒక్క మాట ముందే అనుంటే డబ్ల్యూ గోల ఉండేది కాదు. నేను 40 అని ఎందుకు మొండికేస్తానో కూడా చెప్తా. బుల్లోడు పది నిమిషాలు తిప్పి ఆపేస్తాడు. డైరెక్ట్ ఇంజెక్షన్ బండి, పెట్రోలు నేరుగా సిలిండర్లోకే కొడుద్ది. చల్లటి ఇంజన్లో పెట్రోలు కొంత గోడల మీదుగా ఆయిల్లోకి దిగుద్ది. ఆయిల్ బాగా కాగితే ఆవిరైపోద్ది, ఈ పది నిమిషాలకి కాగదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడమనండి, బంకు గుర్తొస్తది. పెట్రోలు కలిసిన 40 ఇంకా 30లాగన్నా ఉంటది. పెట్రోలు కలిసిన 30 ఏమవుద్ది?

మాన్యువల్ మూర్తి
ఇది న్యాయమైన పాయింటు. ఎండ కాదు, పొట్టి ప్రయాణం. మొదటి పోస్టులోనే ఇది చెప్పుంటే ఒప్పుకునేవాణ్ణి.

తెనాలి టర్బో
నేను రాసింది ఎవరన్నా చదివారా?

బెంజిసర్కిల్ బుల్లోడు
అన్నా, రెండోసారి చదివాక అర్థమైంది, అదే పట్టుకున్నా. ఇవాళ డిప్‌స్టిక్ తీసి టిష్యూ మీద ఒక చుక్క వేశా. మధ్యలో నల్లగా, చుట్టూ పల్చటి పసుపు వలయం. వాసన నిజంగానే బంకు. 502 00 రాసున్న 5డబ్ల్యూ-40 డబ్బాలు తెచ్చా, అన్నిటి సీల్ చూసుకున్నా. ట్రాక్ సంగతి తర్వాత. ఆదివారం రౌండు ఇకనుంచి గుంటూరు దాటి ఇంకాస్త దూరం వేస్తా, ఆయిల్ కాగాలిగా. అసామి అన్నా, నీ దగ్గరే మార్పిస్తా.

ఆటోనగర్ అసామి
రా. పోశాక ఖాళీ డబ్బాలన్నిటికీ నీ ముందే చిల్లు పెడతా, మళ్లీ ఎవడూ నింపకుండా.

మాన్యువల్ మూర్తి
మా ఐ20కి కూడా వచ్చే వారం టైము. మీ షెడ్డు ఎన్నో రోడ్డు?

ఆటోనగర్ అసామి
ప్రైవేటు మెసేజ్ చేశా చూడండి. ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని రండి సార్, మొన్నొకాయనకి ఫిల్టర్ దగ్గరే వీడియో ఆగిపోయింది.