నెలసరి క్రమంగా రానివారు గర్భాన్ని తొలి రోజుల్లో ఎలా గుర్తించాలి?

ప్రశ్న (శోళింగనల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మావారి ఉద్యోగరీత్యా చెన్నైలో ఉంటున్నాము. నాకు పీసీఓడీ (అండం సరిగా విడుదల కాని అండాశయ సమస్య) ఉన్నందువల్ల నెలసరి ఒకసారి 35 రోజులకు, మరొకసారి 45 రోజులకు వస్తుంది. అందుచేత నెల తప్పిందని ఏ రోజున అనుకోవాలో నాకే తెలియదు. కొన్నాళ్ళుగా రొమ్ములు సలుపుతున్నాయి, మధ్యాహ్నమయ్యేసరికి కూర్చున్నచోటే కునుకు వస్తోంది, పోపు వాసన గిట్టడం లేదు. మొన్న సాయంత్రం కిట్ తెచ్చి పరీక్షించుకుంటే ఒక్క గీతే వచ్చింది. అదే కిట్‌ను మరునాడు ఉదయం చూస్తే రెండో గీత బూడిదరంగులో లీలగా కనిపించింది. అత్తయ్యగారు ఇవి వేవిళ్ళేనని ఫోనులో సంబరపడుతున్నారు. మా అమ్మ మాత్రం అప్పుడే ఎవరికీ చెప్పవద్దంటోంది. దేన్ని నమ్మాలో చెప్పగలరా?

జవాబు (వడపళని నుంచి)

లక్షణాలను నమ్ముకోకండి. పెద్దవాడి కడుపుతో ఉన్నప్పుడు నాకు మంచినీళ్ళు కూడా ఇమిడేవి కావు. చిన్నదాని వేళ వాంతి అన్నదే లేదు. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు కూడా.

జవాబు (పెరంబూరు నుంచి, ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి విరమించిన సభ్యురాలు)

మీరు చెప్పిన లక్షణాలన్నీ గర్భంలో కనిపించేవే, కానీ వాటిలో ఏ ఒక్కటీ గర్భాన్ని రుజువు చేయదు. అండం విడుదలైన తరువాత గర్భం వచ్చినా రాకపోయినా ప్రొజెస్టిరాన్ హార్మోను పెరుగుతుంది, రొమ్ముల సలుపు, బడలిక, కడుపు ఉబ్బరం చాలావరకు దాని వల్ల కలిగేవే. గర్భం నిలిస్తే ఆ హార్మోను తగ్గకుండా కొనసాగుతుంది, నిలవకపోతే తగ్గిపోయి నెలసరి వస్తుంది. కాబట్టి ఆ మధ్య రోజుల్లో ఒంటి తీరును బట్టి ఈ రెంటినీ వేరుచేయడం ఎంత అనుభవమున్న మంత్రసానికైనా సాధ్యం కాదు. ఇక వేవిళ్ళు సాధారణంగా, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే, ఆరో వారం ప్రాంతంలో మొదలవుతాయి, తొమ్మిదో వారం ప్రాంతంలో ముదిరి, చాలామందికి నాలుగో నెలలో తగ్గుముఖం పడతాయి. మీ నెలసరి ఆలస్యంగా వచ్చే రకం కనుక మీకు ఇవి ఇంకాస్త ఆలస్యంగా మొదలుకావచ్చు.

తేల్చవలసింది పరీక్షే, అయితే దాన్ని సరైన రోజున చేయాలి. ఫలదీకరణ చెందిన అండం గర్భాశయపు గోడకు అంటుకోవడానికి, అండం విడుదలైన నాటి నుంచి 6 నుంచి 12 రోజులు పడుతుంది. కిట్ పసిగట్టే హెచ్‌సీజీ హార్మోను ఆ తరువాతనే తయారై, తొలి వారాల్లో రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతూ పోతుంది. నెలసరి క్రమంగా వచ్చేవారు రావలసిన తేదీ దాటాక పరీక్షించుకుంటే సరిపోతుంది. మీకు ఆ తేదీయే లేదు కనుక, భార్యాభర్తలు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టి, ఉదయం లేవగానే పోసిన మొదటి మూత్రంతో పరీక్షించుకోండి. సాయంత్రం, అందులోనూ చెన్నై ఎండకు నీళ్ళు బాగా తాగిన రోజున, మూత్రం పలచబడి హార్మోను కిట్‌కు అందకపోవచ్చు.

రెండో గీత సంగతి. కిట్ మీద రాసిన సమయం, సాధారణంగా అయిదు నిమిషాలు, దాటాక కనిపించే గీతకు విలువ లేదు. మూత్రం ఆరిపోయినప్పుడు అక్కడ బూడిదరంగు చార మిగులుతుంది. మీరు మరునాడు చూసినది బహుశా అదే. ఆ గడువులోపలే సీ అక్షరం దగ్గరి గీత రంగులోనే టీ దగ్గర కూడా గీత వస్తే, అది ఎంత పలచనిదైనా గర్భమనే భావించి, రెండు రోజులాగి మరో కిట్‌తో చూడండి, లేదా రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష చేయించుకోండి. ఉప్పుతోను, టూత్‌పేస్టుతోను చేసే పరీక్షలు వీడియోల్లో తిరుగుతున్నాయి. నురగ రావడం తప్ప వాటివల్ల తెలిసేదేమీ లేదు.

21 రోజుల తరువాత కూడా ఒక్క గీతే వచ్చి, నెలసరి మాత్రం రాకుంటే వైద్యురాలిని కలవండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను) తేడాలున్నా నెలసరి ఆగుతుంది. ఈలోగా నెలసరి రప్పించే మాత్రలు దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. నిన్న లోదుస్తులపై ఒక ఎర్రటి మరక కనిపించింది, మళ్ళీ ఏమీ లేదు. పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నాను, అది ఆపాలా?

జవాబు (పెరంబూరు)

అండం అంటుకునే వేళ కొందరికి అలా కొద్దిగా మరక కావచ్చు, నెలసరికి ముందు కూడా కావచ్చు. కాబట్టి పరీక్ష రోజు వరకు ఆగండి. కానీ పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరగడం, రక్తస్రావం ఎక్కువవడం, వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా పరీక్షలో రెండు గీతలు వచ్చాక, ఒక్క గంట కూడా ఇంట్లో ఉండవద్దు. గర్భం అండవాహికలో నిలిచి ఉంటే అది చిట్లి ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోను చేయండి. ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో రాత్రిపూట కూడా చూస్తారు.

మెట్‌ఫార్మిన్, థైరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, వైద్యురాలిని అడగండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవారు మాత్రం గర్భమన్న అనుమానం రాగానే దాన్ని ఆపి, ఆ రోజే వైద్యులకు చెప్పాలి. బిడ్డకు అవయవ లోపాలు కలిగించే మందు అది. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలకు కూడా దూరంగా ఉండండి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఫలితం తేలకముందే మొదలుపెట్టవచ్చు, 12వ వారం వరకు కొనసాగించాలి.

జవాబు (అంబత్తూరు నుంచి)

రెండు గీతలు వస్తే తరువాత చేయవలసినవి నేను చెబుతాను. నెలసరి క్రమం లేనివారికి చివరి తేదీని బట్టి వేసే కాన్పు తేదీ తప్పుతుంది. బిడ్డ పొడవు కొలిచి చెప్పే తొలి స్కానింగే వారికి నమ్మదగినది. మరీ తొందరపడి వెళితే గుండె చప్పుడు కనిపించక భయపడతారు, కనుక ఎప్పుడు రావాలో వైద్యురాలినే అడగండి. ప్రైవేటులో చూపించుకున్నా, కాన్పుకు నెల్లూరు వెళ్ళాలనుకున్నా, 12 వారాలలోపు దగ్గరలోని కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో పిక్మీ (గర్భిణుల ప్రభుత్వ నమోదు) చేయించుకుని, అందులో ఇచ్చే ఆర్‌సీహెచ్ గుర్తింపు సంఖ్య తీసుకోండి. తమిళనాడులో బిడ్డ జనన ధ్రువపత్రానికి ఆ సంఖ్య అడుగుతారు. ఆధార్ కార్డుతో పాటు గత కొన్ని నెలసరి తేదీలను అంకెల్లో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. తమిళం రాకపోయినా అక్కడ పని జరిగిపోతుంది.