మార్చిలో వర్క్‌షాప్‌కి వచ్చిన ఆడపిల్లలు ఏప్రిల్‌కల్లా వికీలో కనపడటం లేదు. ఏం చెయ్యాలి?

లైబ్రరీ మేడమ్, నంద్యాల:

అందరికీ నమస్తే. నంద్యాల జిల్లాలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మహిళా దినోత్సవం వచ్చిందంటే ముగ్గుల పోటీ పెట్టి స్టీలు డబ్బాలు పంచడం విసుగొచ్చి, ఈ మధ్య ఏటా తెలుగు వికీపీడియాలో రాయడం నేర్పే వర్క్‌షాప్ పెడుతున్నాను. పిల్లలు బాగానే వస్తారు, ల్యాబ్ నిండిపోతుంది. సాయంత్రానికి తలా ఒక చిన్న వ్యాసం మొదలుపెట్టి, స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టుకుంటారు. ఏప్రిల్‌లో వెళ్ళి చూస్తే ఒక్క ఖాతాలోనూ కదలిక ఉండదు.

పరీక్షలు కదా అనుకుంటే వేసవి సెలవుల్లోనూ అంతే. మా ఆడపడుచు కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఐపీఎల్ మ్యాచ్ అయిన రాత్రే కూర్చుని ఆటగాళ్ళ పేజీల్లో పరుగులు మార్చేస్తుంటాడు. వాడికి ఎవరూ వర్క్‌షాప్ పెట్టలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు.

పిల్లల్నే కూర్చోబెట్టి అడిగాను. ఎక్కువమంది "ఏం రాయాలో తెలీదు మేడమ్" అన్నారు. ఒకమ్మాయి వాళ్ళ జేజి గురించి రాయాలనుకుంది. ఆమె వయసులో ఉన్నప్పుడు కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు నాటకాల్లో వేషాలు వేసేదట. ఆధారం ఏముందంటే గోడ మీద ఒక ఫొటో, బహుమతిగా ఇచ్చిన వెండి కప్పు. ఇంకో అమ్మాయిది వేరే చిక్కు. ఖాతా తెరిచిన కాసేపటికే ఎవరో పాత సభ్యుడు ఆమె చర్చా పేజీలో, అంటే ఆ ఖాతాకి సందేశాలు రాసే పేజీలో, స్వాగతం రాశారు. దాని ఈమెయిలు ఇంట్లో అందరూ వాడే ఫోన్‌కి వెళ్ళింది. వాళ్ళ నాన్న "ఎవరితను?" అని అడిగారు. ఆ పిల్ల మళ్ళీ లాగిన్ కాలేదు. సందేశంలో తప్పేం లేదండీ, ఈ పేజీలు చూడండి, సందేహాలుంటే అడగండి అని ఉంది, అంతే.

వీళ్ళలో కనీసం కొందరైనా నిలబడాలంటే ఏం చెయ్యాలి? జేజి సంగతి ఏమిటి? ఆ నాన్నగారికి ఏం చెప్పాలి?

కృష్ణాతీరం:

మంచి పని చేస్తున్నారు మేడమ్. అయితే వికీలో ఎవరు ఆడ, ఎవరు మగ అని ఎవరూ అడగరు. తలుపు అందరికీ తీసే ఉంటుంది. ఏ వర్క్‌షాప్‌లోనైనా వచ్చినవాళ్ళలో నిలబడేది కొద్దిమందే, అబ్బాయిలైనా అంతే. ఆసక్తి ఉన్నవాళ్ళు ఎలాగూ రాస్తారు, లేనివాళ్ళని లాక్కొచ్చి లాభం లేదు.

ఒక సాంకేతిక విషయం చెప్తాను, పనికొస్తుంది. ఒకే నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు ఖాతాల కంటే తెరవనివ్వదు. ల్యాబ్‌లో ఏడో అమ్మాయి దగ్గర ఆగిపోతుంది. ముందురోజే ఇళ్ళ దగ్గర తెరుచుకుని రమ్మనండి, లేదా రచ్చబండలో (తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే పేజీ) ముందుగా చెప్తే ఆ పరిమితి లేని హక్కులున్నవాళ్ళు తెరిచి ఇస్తారు.

తెనాలి అత్తయ్య:

కృష్ణాతీరం గారూ, తలుపు తీసే ఉంది, నిజమే. ఆ వేళకి ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో కూడా చూడాలి కదండీ. నేను రాసేది మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా. మావారు కునుకు తీస్తారు, పనమ్మాయి అంట్లు తోమి వెళ్ళిపోతుంది, కూరగాయల బండి ఇంకా రాదు. ఆ మధ్యలో మా వదిన ఫోన్ చేసిందంటే ఆ రోజు వ్యాసం గోవిందా. మీరు రాత్రి పదకొండు దాటాక రాస్తారని మీ మార్పుల జాబితా చూస్తేనే తెలుస్తుంది, అక్కడ ఏదీ దాగదు. తప్పు పట్టడం లేదు. ఆ వేళకి నేను పప్పు రుబ్బి, పిండి మూతపెట్టి పడుకుంటాను.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. 2011లో వికీపీడియాని నడిపే వికీమీడియా వాళ్ళు ప్రపంచమంతటా సర్వే చేస్తే, రాసేవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి తొమ్మిదిమంది దగ్గర తేలారు. అప్పట్లో ఆ సంస్థను నడిపిన సూ గార్డ్‌నర్ దాన్ని 2015కల్లా 25 శాతానికి తేవాలని లెక్క పెట్టుకున్నారు. కాలేదు. ఆసక్తి ఒక్కటే కారణమైతే, లోకంలో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే ఆసక్తి పోయిందనుకోవాలి.

ఇప్పుడు లైబ్రరీ మేడమ్ గారికి. కొత్త పిల్లలతో మొదటిరోజే కొత్త వ్యాసం రాయించకండి. కొత్త వ్యాసం అంటే అది రాయదగ్గ విషయమేనని చూపాలి, మూలాలు వెతకాలి, ఎవరైనా తీసెయ్యాలని పైన నోటీసు (తొలగింపు మూస) పెడితే జవాబు చెప్పాలి. పాతవాళ్ళకే తలనొప్పి. వాళ్ళని వికీసోర్స్‌కి, అంటే పాత పుస్తకాల్ని పాఠంగా మార్చి పెట్టే వికీకి, తీసుకెళ్ళండి. ఒక పక్క పాత పుస్తకం స్కాను, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం. యంత్రానికి పాత అచ్చు అక్షరాలు సరిగ్గా తెలియవు, ఒత్తులు మింగేస్తుంది, అరసున్న కనిపిస్తే సున్నా అంకె పెడుతుంది. అవి దిద్దుకుంటూ పోవడమే పని. ఒక పేజీ అంటే కుక్కర్ పెట్టి దించేలోపు అయిపోతుంది. మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు.

అన్నిటికంటే మంచి సంగతి, ఒకరు దిద్దిన పేజీ పసుపురంగులోకి వస్తుంది. దాన్ని ఆకుపచ్చ చెయ్యాలంటే రెండోమనిషి చూడాలి, దిద్దినవాళ్ళే ఆమోదించుకోవడానికి లేదు. అంటే పిల్లలు జంటలుగా కూర్చోవాలి. "నా పేజీ చూశావా?" అని ఒకరినొకరు అడుగుతారు. నాకు తెలిసి మనుషుల్ని నిలబెట్టేది అదే. సర్టిఫికెట్ కాదు.

ఏ పుస్తకం అంటారా? తెలుగు వికీ వాళ్ళు కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద పురస్కారం ఇచ్చారు, తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్న మనిషి కాబట్టి. ఆయనకంటే ముందే ఆయన అక్కగారు, భండారు అచ్చమాంబ, ఊళ్ళూ భాషలూ వెతికి ఆడవాళ్ళ జీవితాలు పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. ఆవిడ బడికి వెళ్ళిన మనిషి కాదు, చదువు తమ్ముడి దగ్గర ఒంటబట్టించుకున్నారు. 1905లో ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే పోయారు. రచయిత పోయాక 60 ఏళ్ళకి మన దేశంలో హక్కులు తీరిపోతాయి కాబట్టి ఆవిడ రాసిందేదైనా నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆవిడ పేరు మీద కూడా ఒక పురస్కారం ఉంటే బాగుండునని నాకుంటుంది, అది వేరే గొడవ.

ఆవిడ పేరు ఎత్తాను కాబట్టి ఇంకో చిక్కు. మీ పిల్లలు కొమర్రాజు అచ్చమాంబ అని వెతికితే ఇంకొకావిడ వస్తారు. లక్ష్మణరావు గారి కూతురు, డాక్టరు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచారు. మేనత్త పేరే మేనకోడలికి. మేనత్త పుట్టింటిపేరూ, మేనకోడలి ఇంటిపేరూ ఒకటే. ఆడవాళ్ళ గురించి రాసేటప్పుడు సగం పొద్దు ఇక్కడే పోతుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారినే చూడండి. ఉప్పు సత్యాగ్రహం నాటి కాగితాల్లో 'దేశ్‌ముఖ్' అని వెతికితే ఏమీ దొరకదు, ఆ పెళ్ళి 1953లో. రాజ్యాంగ సభ చర్చల్లో ఆవిడ 'శ్రీమతి జి. దుర్గాబాయి'. ఆ 'జి' గుమ్మిడిదల. అంత పెద్దావిడ కాబట్టి ఎవరో ఒకరు ఈ ముక్కలన్నీ అతికించారు. ఊళ్ళో బడి పెట్టిన సుబ్బమ్మగారికో, జైలుకెళ్ళి వచ్చిన రత్తమ్మగారికో పెళ్ళికి ముందు ఒక పేరు, తర్వాత ఒక పేరు, పేపర్లో 'ఫలానా వారి సతీమణి'. మూలాలు లేవని మనం అనుకునేవాటిలో కొన్ని వేరే పేరుతో ఉన్నాయి. పిల్లలకి ముందుగా ఇది నేర్పండి, పుట్టింటిపేరు అడిగి రాసుకుని అప్పుడు వెతకమనండి.

జేజిగారి సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. జీవితచరిత్ర వ్యాసంగా నిలబడదు. ఫొటో, కప్పు ఇంటికి గొప్పే. వికీకి కావలసింది సంబంధం లేని మనిషి ఎవరో అచ్చులో రాసిన ముక్క. మనవరాలే కాలేజీ పత్రికలో రాసి, దాన్నే తన వ్యాసానికి మూలంగా పెట్టినా ఒప్పుకోరు. అయితే అచ్చులోకి రావడం ఆడవాళ్ళకి ఊరికే జరగలేదు, ఎవరో పూనుకుంటేనే జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటలు స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వేశారు కాబట్టే ఇవాళ మనం దాన్ని చూపించి రాయగలుగుతున్నాం. మీ హిస్టరీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆ ప్రాంతపు నాటకాల మీద పెద్దవాళ్ళందరినీ కలిసి ఒక పుస్తకం వేస్తే, జేజి అందులో ఒకరవుతారు. అది ఇవాళో రేపో అయ్యే పని కాదు.

ఈలోగా ఆ పిల్లని వాళ్ళ ఊరి పేజీ తెరవమనండి. చాలా ఊళ్ళ పేజీలు 2011 జనాభా లెక్కలు దించినవే. బంజరు ఎన్ని హెక్టార్లో ఉంటుంది, పోస్టాఫీసు ఎంత దూరమో ఉంటుంది. 'ప్రముఖులు' అని ఉంటే అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు కనిపించేది స్త్రీల సంఖ్య అన్న గడిలో. అక్కడ చెయ్యాల్సింది బోలెడు.

నాన్నగారికి ఏమీ చెప్పకండి, ఆ పేజీయే చూపించండి. చర్చా పేజీలో రాసింది ఊరంతా చదవొచ్చు, గుట్టుగా జరిగేదేమీ లేదు. 'అభిరుచులు'లోకి వెళ్ళి ఈమెయిలు సూచనలు ఆపేయొచ్చు, ఇతర సభ్యులు ఈమెయిలు పంపే వీలు కూడా తీసేయొచ్చు. అసలు పేరు, కాలేజీ పేరు, ఫొటో వాడుకరి పేజీలో (తమ గురించి చెప్పుకునే పేజీ) పెట్టనివ్వకండి. నన్నడిగితే వచ్చే ఏడు ఖాతా తెరవగానే మొదటి స్వాగతం మీరే రాయండి.

లేజర్ పిల్ల:

వైజాగ్‌లో చదివి ఇప్పుడు జర్మనీలో ఫిజిక్స్ పరిశోధన చేస్తున్నాను. అత్తయ్యగారు చెప్పిన మూలాల సమస్య మా రంగంలో అందరికీ తెలిసిన కథే. లేజర్ పల్స్‌ల మీద పనిచేసిన డోనా స్ట్రిక్‌లాండ్ గురించి ఎవరో ఇంగ్లిష్ వికీలో వ్యాసం రాస్తే, ఇచ్చిన మూలాలు చాలవని 2018 మేలో తిప్పిపంపారు. అదే అక్టోబరులో ఆమెకి నోబెల్ వచ్చింది. ఫిజిక్స్‌లో మేరీ క్యూరీ, మరియా గోపెర్ట్ మేయర్ తర్వాత మూడో మహిళ. ఆమెతో పంచుకున్న జెరార్డ్ మూరూకి అప్పటికే పేజీ ఉంది. తిప్పిపంపిన మనిషి నియమం ప్రకారమే చేశారు, అదే అసలు ఇబ్బంది. బయట పత్రికలు రాయకపోతే లోపల రాయడానికి ఉండదు. పేజీలు లేని ఆడవాళ్ళ గురించి రాయడానికి 2015లో మొదలైన 'విమెన్ ఇన్ రెడ్' బృందం వాళ్ళూ, బ్రిటన్ ఫిజిసిస్టు జెస్ వేడ్ లాంటివాళ్ళూ కూర్చుని రాస్తూ ఉంటే ఇంగ్లిష్‌లో ఆడవాళ్ళ జీవితచరిత్రలు 15 శాతం పైచిలుకు నుంచి 20 శాతం దగ్గరికి చేరాయి.

కానీ మేడమ్, ఒక్క విన్నపం. ప్రతి మార్చిలో ఆడపిల్లలకి ఆడవాళ్ళ జీవితచరిత్రలే ఎందుకిస్తారు? చదువుకునే రోజుల్లో నన్ను కూర్చోబెట్టిన ప్రతిచోటా ఒక వీరవనిత పేరు చేతిలో పెట్టేవారు. నాకేమో లేజర్ గురించి రాయాలని ఉండేది. మీ జిల్లాలో బెలుం గుహలున్నాయి, నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. బీఎస్సీ పిల్లల్ని జియాలజీ రాయనివ్వండి, వరి వంగడాలు రాయనివ్వండి. ఆడవాళ్ళ గురించిన పేజీలు పెరగడం ఒకటి, రాసే ఆడవాళ్ళు పెరగడం ఇంకొకటి.

తెనాలి అత్తయ్య:

అమ్మాయ్, ఒప్పుకున్నాను. నేను మొదట రాసింది మాగాణి కాలవల గురించే, ఎవరూ అడగలేదు కూడా. కాకపోతే వీరవనితల్ని మనం వదిలేస్తే కృష్ణాతీరం గారు పదకొండింటికి లేచి రాస్తారని మాత్రం నమ్మకం పెట్టుకోకు.

కృష్ణాతీరం:

😀 నేను పడుకుంటేగా లేవడానికి. ఆసక్తి మాట కొంచెం తొందరగా అన్నానేమో గానీ, లాక్కొచ్చి లాభం లేదన్నది ఇప్పటికీ నా మాటే. వికీసోర్స్ జంటల ఆలోచన బాగుంది. అందులో ఎవరూ ఎవరినీ లాక్కురావడం లేదు.

లైబ్రరీ మేడమ్, నంద్యాల:

అందరికీ ధన్యవాదాలు. బుధవారం మూడో పీరియడ్ లైబ్రరీ అవర్, ఇన్నాళ్ళూ పిల్లలు గైడ్లు ముందేసుకుని కబుర్లు చెప్పుకునేవారు. అందులోనే పేజీలు దిద్దడం మొదలుపెట్టించాను. జేజి మనవరాలికి వ్యాసం నిలవదంటే కోపం వచ్చింది, ఇంకా మాట్లాడటం లేదు. బెలుం గుహలకి ఇద్దరు దొరికారు.

స్వాగతం అమ్మాయి వాళ్ళ నాన్నగారిని కాలేజీకి పిలిచి ఆ పేజీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. తప్పేం లేదన్నారు. తర్వాత "ఇంత రాస్తే వీళ్ళకి ఏమన్నా ఇస్తారా మేడమ్?" అని అడిగారు. ఏమీ ఇవ్వరన్నాను. "మరి రాయించుకునేది దేనికి?" అన్నారు. దీనికి ఏం చెప్పాలో కూడా మీరే చెప్పండి.

కృష్ణాతీరం:

మా ఆవిడ కూడా అదే అడుగుతుందండీ. జవాబు దొరికితే నాకూ పంపండి.