దొంగ షెరీఫ్ సినిమా పిల్లలకు చూపించొచ్చా?

నేలటిక్కెట్టు: 1970 నాటి ఇటాలియన్ వెస్టర్న్ (కౌబాయ్ సినిమా) 'దే కాల్ మీ ట్రినిటీ' మా అన్నయ్య పిల్లలకు పెడదామంటే వదిన ససేమిరా అంది. "దొంగోడే షెరీఫ్ (ఊరి పోలీసు అధికారి) అయితే పిల్లలేం నేర్చుకుంటారు?" అని. నాకైతే అది అచ్చంగా పిల్లల సినిమానే. బడ్ స్పెన్సర్ వేసిన బాంబినో గుర్రాల దొంగ. తన వెంట పడ్డాడనుకుని అసలు షెరీఫ్‌ని కాల్చి, అతని బ్యాడ్జి తగిలించుకుని, తన ముఠా వచ్చేదాకా ఊళ్ళో కాలం గడుపుతుంటాడు. గొడవలు ఆపేది కూడా తన దొంగతనం చెడకూడదనే. అంత తెలివైన షెరీఫ్ ఇంకెక్కడున్నాడు?

రీలుపెట్టె: మొదటి సీన్లు మర్చిపోయినట్టున్నారు. బాంబినో సోదరుడు ట్రినిటీగా వేసిన టెరెన్స్ హిల్ పెనం నిండా బీన్స్ రొట్టెతో తుడుచుకుని మరీ తిని, బయటికొచ్చి, వెనక్కి తిరగకుండానే ఇద్దర్ని కాల్చేస్తాడు. ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి బాంబినో ముగ్గుర్ని. ఇదా పిల్లల సినిమా?

నేలటిక్కెట్టు: చుక్క రక్తం కనబడదు కదండీ!

రీలుపెట్టె: నా గొడవా అదే. స్పెన్సర్ పిడికిలి నడినెత్తిన దిగినా అవతలివాడు దులుపుకుని లేస్తాడు. రేపు మీవాడు బళ్ళో పక్కపిల్లాడి నెత్తిన అలాగే ఒకటేస్తే? రక్తం చూపిస్తే పిల్లలు కనీసం భయపడతారు.

పాతపోస్టరు: ఈ దర్శకుడు ఎంజో బార్బోనీ ఎవరనుకున్నారు? 1966 'జాంగో'కి కెమెరామన్. అందులో చెవి కోసి ఆ మనిషి నోట్లోనే కుక్కుతారు. అది చూసి భయపడమంటారా పిల్లల్ని? నాలుగేళ్ళకు అదే మనిషి క్లైమాక్సులో తుపాకులు పక్కన పెట్టించి ఉత్త చేతుల్తో కొట్టించాడు. ఇంకోటి, మీ వాదన సినిమాలోనే ఉంది. చెయ్యెత్తడం పాపమనే మోర్మన్లకు (ఒక మతశాఖవాళ్ళు) అన్నదమ్ములిద్దరూ కుస్తీ నేర్పుతారు, లేకపోతే విలన్ మేజర్ వాళ్ళ లోయ లాక్కుంటాడు. అది తప్పా ఒప్పా అని పిల్లల్నే అడగండి. మన దగ్గర 1971లో కృష్ణగారి కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' చూసి పెరిగినవాళ్ళం, మనమేం చెడిపోయాం?

రీలుపెట్టె: ఆ మాట మీ ఇంట్లోవాళ్ళు చెప్పాలి :)

కందిపొడి: మా బాబుకి చూపించాను. కొట్టడం నేర్చుకోలేదు, పప్పు గిన్నెలోనే అన్నం కలుపుకుని తినడం మొదలెట్టాడు. బడ్ స్పెన్సర్ ఒలింపిక్ ఈతగాడని (1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్) చెప్పాక ఈత క్లాసుకి గొడవ చెయ్యకుండా వెళ్తున్నాడు.

రీలుపెట్టె: సంతోషం. ఆ కాల్చి చంపిన ఇద్దరి గురించి అడిగాడా?

కందిపొడి: అడిగాడు. "వాళ్ళే ముందు వెనకనుంచి కాల్చబోయారు కదమ్మా" అని తనే చెప్పుకున్నాడు.

రీలుపెట్టె: చూశారా, అప్పుడే లాయరైపోయాడు. నేను మాత్రం పదేళ్ళు దాటాకే అంటాను.